ప్రహ్లాదుని బడి

ప్రహ్లాద చరిత్రమును భక్తికథగా విననివారు మనలో అరుదు. భాగవత సప్తమస్కంధములోని ఆ ఘట్టమునే ఒక బడి కథగా చదివినవారు తక్కువ. హిరణ్యకశిపుడు కొడుకును తొడపై కూర్చుండబెట్టుకొని, నీకు మేలని తోచినదేదో చెప్పుమని అడిగెను. ఇంతవరకు చక్కగానే యున్నది. (నేటి తండ్రులలో ఎందరు ఆ మాత్రము అడుగుచున్నారు?) నచ్చని సమాధానము రాగానే పరులెవరో బాలుని బుద్ధి చెరచిరని తలచి, గురుగృహమున కావలి పెంచుమనెను. అచట చండామార్కులు బెత్తము తెమ్మని గద్దించిరి. రెండవమారు తండ్రి గురుపుత్రునిపైననే మండిపడగా, ఇది మేము నేర్పినది కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి యని అతడు తప్పుకొనెను. ఇంటికిని బడికిని పొత్తు లేకపోలేదు. అది బాలుని లొంగదీయుటకు కూడిన పొత్తు. పని చెడగానే నింద ఒకరినుండి మరొకరికి మారినది.

ప్రహ్లాదుడు అయిదేండ్ల పరమభాగవతుడు. నేడు ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలు సామాన్యులు, తప్పులు చేయువారు. అయినను పెద్దల తీరు మారలేదు. తోటివానిని కొట్టెనని బడినుండి కబురు రాగా, ఒక తండ్రి బాలుని యెదుటనే ఉపాధ్యాయుని దూషించును. మరియొకడు, మీ యిష్టము వచ్చినట్లు దండింపుడని చేతులు దులుపుకొనును. మొదటి బాలుడు గురువును లక్ష్యపెట్టడు. రెండవవాడు ఇంట నిజము చెప్పడు. ఉపాధ్యాయుడు నలుగురిలో "పెంపకము అట్టిది" అన్నచో, ఆ తల్లి మరల బడి గడప త్రొక్కదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము దేహదండనను, మానసిక వేధింపును నిషేధించినది. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెననియు విధించినది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు ఒకేనాడు జరిగినవి. మంచిదే. కాని పిల్లవాడు అబద్ధమాడుచున్నాడను మాట సభలో చెప్పదగినది కాదు. దానికి ఒక మూల రెండు కుర్చీలు చాలును.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుడు తల్లిని, తండ్రిని, గురువును ఒక్క వరుసలో దైవములుగా చూపును. పిదప, తమ నడతలో మంచిదానినే అనుసరింపుమనియు తక్కినది వలదనియు శిష్యునితో చెప్పును. తనయందును లోపము ఉండవచ్చునని ఒప్పుకొను ధైర్యమది. "ఇంట నేను చేయి చేసికొనుట చూచి నేర్చెనేమో" అని తండ్రి అనగలిగినచో, "తరగతిలో వానిని నేను ఎగతాళి చేసితిని" అని ఉపాధ్యాయుడును అనగలుగును. అసలు సంభాషణ అచట మొదలగును.

కథలో మరియొక సంగతి కలదు. గురువులు ఇంటిపనులకు పోయిన వేళ తోటిపిల్లలు ఆటకు పిలువగా, ప్రహ్లాదుడు వారితో మాటలాడెను. వారు ఆటవస్తువులు విడిచి వినిరి. బెత్తము చేయలేని పని చెలికాని మాట చేసినది. ఆ వయసున మంచి గాని చెడు గాని ఎక్కువగా ఆ దారినే వచ్చును. సాయంకాలము కొడుకు ఎవరితో తిరుగునో తండ్రి యెరుగును. పగలు వాని ప్రక్క ఎవరు కూర్చుందురో ఉపాధ్యాయుడెరుగును. ఈ రెండు సంగతులు ఒకచోట చేరుట మాత్రము అరుదు.