దయయు జాప్యమును

హింసించు తల్లిదండ్రుల చేతినుండి బిడ్డను తప్పించుట న్యాయమేనా అని యడిగినచో, ఔనని చెప్పుటకు ఎవ్వరును సంకోచింపరు. ధర్మసూక్ష్మము ఆ పిమ్మట ఆరంభమగును. తప్పించిన బిడ్డను ఎచట ఉంచవలెను? ఎంతకాలము ఉంచవలెను? మారెదమని మాట యిచ్చు కన్నవారికి ఎన్ని అవకాశము లీయవలెను?

అమెరికా దేశమున ఈ ప్రశ్నలకు తీర్పు చెప్పు భారము బాలల న్యాయస్థానములపై పడినది. అట్టి న్యాయస్థానము మొట్టమొదట 1899లో షికాగో నగరమున నెలకొన్నది. నేరము చేసిన బాలురతో పాటు, దిక్కులేనివారును పోషణ కరవైనవారును దాని రక్షణలోనికి వచ్చిరి. పెంపుడు గృహములలో తాత్కాలికముగా ఉంచిన బాలలలో అనేకులకు ఆ తాత్కాలికమే సంవత్సరముల తరబడి సాగినది. ఇల్లు మారుచు, బడి మారుచు, ఎవరిని అమ్మా యని పిలువవలెనో యెరుగక పెరిగినవారెందరో!

1973లో జోసెఫ్ గోల్డ్‌స్టైన్, అన్నా ఫ్రాయిడ్, ఆల్బర్ట్ సోల్నిట్ అను మువ్వురు పండితులు తమ గ్రంథమున ఒక సత్యమును చాటిరి. పెద్దల కాలమును పసివారి కాలమును ఒక్కటి కావు. న్యాయవాదికి ఒక వాయిదాయైన ఆరు నెలలు రెండేండ్ల శిశువునకు బ్రతుకులో నాల్గవ వంతు. దినదినము అన్నము పెట్టి భయము పోగొట్టు వ్యక్తియే బిడ్డ మనస్సునకు తల్లి. కుంతి కన్నతల్లి యని తెలిసిన పిమ్మటను కర్ణుడు రాధేయుడుగనే నిలిచెను గదా!

1980 నాటి అమెరికా శాసనము కుటుంబమును నిలుపుటకు తగిన ప్రయత్నము చేయవలెననియు, ఆరు నెలల కొకమారు బిడ్డ స్థితిని సమీక్షింపవలెననియు విధించినది. 1997 నాటి శాసనము గడువును బిగించినది. 12 నెలలలోపల శాశ్వతాశ్రయమును గూర్చి విచారణ జరుగవలెను. గడచిన 22 నెలలలో 15 నెలలు బిడ్డ పెంపుడు గృహమున గడపినచో, కన్నవారి హక్కును రద్దు చేయుమని రాష్ట్రము న్యాయస్థానమును కోరవలెను. బిడ్డ బంధువుల యింట నున్నప్పుడును, కుటుంబమునకు చేయవలసిన సహాయమును రాష్ట్రము చేయనప్పుడును మినహాయింపులు కలవు.

ఇది కఠినమని కొందరి యాక్షేపణ. అందు నిజము లేకపోలేదు. పేదరికమును నిర్లక్ష్యముగా భ్రమించుట కలదు. మత్తునకు లోనైన తల్లి కోలుకొనుటకు గడువు చాలకపోవుటయు కలదు. కన్నవారి హక్కు తెగియు, క్రొత్త యిల్లు దొరకక మిగిలిన బాలలును కలరు. ఒక ముడి విప్పి వేరొక ముడి వేయకుండుట రక్షణ యనిపించుకొనదు.

అయినను, దయ వేరు, జాప్యము వేరు. తల్లిపై నిజముగా దయ గలవారు మొదటి దినముననే ఆమెకు చికిత్సయు, నివాసమును, జీవనోపాధియు సమకూర్తురు. ఏమియు చేయక వాయిదాలు మాత్రము పొడిగించుట దయవలె కనిపించును గాని, దాని మూల్యమును చెల్లించునది నోరులేని బిడ్డ.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ శాసనము ఇట్టి బాలల బాధ్యతను శిశు సంక్షేమ సమితుల కొప్పగించుచున్నది. బిడ్డను సంస్థలో నుంచుట కడపటి మార్గము కావలెనని దాని సూత్రము. సూత్రము ఫలించుటకు తలుపు తెరచు గృహములు కావలెను. పరుల బిడ్డకు పట్టెడన్నము పెట్టువారు పుణ్యాత్ములే. రేపును, ఎల్లుండియు ఇచటనే యుందువని ఆ బిడ్డకు నమ్మకము కలిగించువారు అంతకంటె ధన్యులు.