రెండవ నవ్వు

దుఃఖమును గూర్చి మనవారు విచారించినంతగా నవ్వును గూర్చి విచారింపలేదు. ఏడ్చువానిని “ఏల యేడ్చుచున్నావు?” అని యడుగనివా రుండరు, నవ్వువానిని అట్లడుగువారు లేరు. నవ్వు నిర్దోషమైనదని మన యభిప్రాయము. ఆ యభిప్రాయము ఎంతవఱకు సరియైనదో పరీక్షించుటకు నా కొక చిన్న సందర్భము దొరకినది. దానిని చదువరుల యెదుట నుంచెదను.

హైదరాబాదునకు ఉత్తరముగా, మేడ్చలు మండలమున, రావల్కోలను గ్రామము గలదు. అచ్చట మా పెద్దక్కగారి యింట ఒక పండుగనాటి రాత్రి ఇరుగుపొరుగువారితో గూడి టెలివిజనులో ‘జై లవకుశ’ యను చిత్రమును చూచితిమి. 2017వ సంవత్సరమున విడుదలయైన యీ చిత్రమునకు దర్శకుడు కె. ఎస్. రవీంద్ర. ఒక్క కాన్పున పుట్టిన ముగ్గురు సోదరుల వేషములను జూనియర్ ఎన్టీఆర్ ఒక్కడే ధరించెను. ఒకడు మంచివాడైన బ్యాంకు మేనేజరు, ఒకడు దొంగ, ఒకడు రావణుడని పేరొందిన క్రూరుడు. బాల్యముననే విడిపోయిన యీ ముగ్గురి కథలో హాస్యమును నేరమును పడుగుపేకలవలె కలిసియున్నవి.

ముగ్గురిలో పెద్దవాడైన జైకి నత్తి. మేనమామ నాటకసమాజములో తమ్ములకు వేషములును చప్పట్లును. వానికి నిరాదరణమును పరిహాసమును. ఆ యవమానమే ముదిరి పగయైనది. ఆ పగయే వానిని నేరస్థునిగా పెంచినది. ఇది కథ.

నత్తిచేత మాట తడబడిన ఘట్టమొకటి వచ్చినప్పుడు మా గదియంతయు గొల్లున నవ్వినది. నేనును నవ్వితిని. నవ్వు సద్దుమణగిన పిదప చూడగా, గడపప్రక్కన కూర్చున్న పొరుగింటి పదేండ్ల బాలుడు మాత్రము నవ్వలేదు. వానికిని నత్తి గలదని మాకందఱకు తెలియును. ఆ క్షణమున ఎవ్వరికిని జ్ఞప్తికి రాలేదు. వాడు తలవంచుకొని చాప యంచును గిల్లుచుండెను. చిత్రము ముగిసి అందఱును లేచుచుండగా నా చిన్న మేనకోడలు, “ఆ సినిమాల జైని చూసి నవ్వినోళ్ళ లెక్కనే మనం గూడ నవ్వినం గద, మామా!” అన్నది. నా కుత్తరము తోచలేదు.

మఱునాడు ఇంట చర్చ జరిగినది. “నేరమును నవ్వుతో కలిపి చూపుటయే తప్పు. అట్టి కథలను ఇంటిలోనికి రానీయరాదు” అని బావగారి మతము. “కథ కథయే. నవ్వి మఱచుటకే కాని నవ్వును తూచుటకు కాదు” అని మేనల్లుని వాదము. ఇద్దఱును బుద్ధిమంతులే. కాని యిద్దఱి మాటలలోను ఒక్కటే లోపము గలదు. ఒకరు భారమంతయు కథపై మోపిరి. మఱియొకరు ఎవ్వరిపైనను మోపలేదు. నవ్విన మనము ఇరువైపులను తప్పించుకొంటిమి.

బావగారి మతమును ముందుగా చూతము. నేరము, మరణభయము, కవలల పొరపాటు, నవ్వు: ఇవి నేడు క్రొత్తగా కలిసినవి కావు. షేక్స్పియరు వ్రాసిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను సంఘసంస్కర్తయైన కందుకూరి వీరేశలింగము పంతులుగారే ‘చమత్కార రత్నావళి’ యను పేర తెలుగు చేసిరి. వంగదేశమున విధవావివాహమునకై పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ కథనే 1869లో ‘భ్రాంతివిలాస’మను పేర గద్యముగా వ్రాసిరి. మూలనాటకము మరణశిక్షతోనే ఆరంభమగును: సూర్యాస్తమయమునకు లోపల ధనము చెల్లింపనిచో ఒక వృద్ధుడు చావవలయును. వాని కుమారులు కవలలు. వారి సేవకులును కవలలు. ఒకనిని చూచి మఱియొకడని భ్రమించుటచేత పుట్టిన హాస్యమే కథయంతయు. కావున చీకటియు నవ్వును కలియుటయే దోషమైనచో, ఆ మహనీయులు దానిని ముట్టియుండరు.

కాని ఆ నాటకముననే గమనింపదగినది మఱియొకటి కలదు. యజమానులు పొరపడినప్పుడెల్ల దెబ్బలు తినువారు సేవకులు. నాలుగువందల యేండ్లుగా ప్రేక్షకులు ఆ దెబ్బలకు నవ్వుచున్నారు. పొరపాటునకు నవ్వుట యొకటి. పొరపాటు ఫలము బలహీనుని వీపున పడినప్పుడు నవ్వుట మఱియొకటి. రెండింటికిని శబ్ద మొక్కటే కాబట్టి మన కా భేదము తెలియదు. కవలలు ముఖముచేత ఒక్కటై స్వభావముచేత వేరైనట్లు నవ్వులును కవలలే.

ఇక మేనల్లుని వాదము. 2009లో విశాల్ భరద్వాజ్ తీసిన హిందీ చిత్రము ‘కమీనే’లోను విడిపోయిన కవలసోదరులే కథానాయకులు, ఒకనికి ‘స’కారము పలుకదు, రెండవవానికి నత్తి. అందును నేరమును నవ్వును కలిసియే నడచును. ఇట్టి కథలు నవ్వి మఱచుటకే యనుకొందము. మనము మఱతుము, గడపప్రక్క బాలుడు మఱచునా? నత్తి సాధారణముగా రెండు మొదలు ఐదేండ్ల లోపున కనబడును. ఆడపిల్లలకంటె మగపిల్లలకు హెచ్చు. పలువురకు అది పెరిగినకొలది పోవును. పెద్దలలో నూటికి ఒక్కరికి నిలిచిపోవును. బుద్ధికిని దానికిని సంబంధము లేదు. పాట పాడునప్పుడు నత్తి కనబడనివారు ఎందఱో కలరు. ఎదుటివాడు నవ్వునేమో యను భయము మాటను మఱింత బిగించును. అనగా ఆ బాలుని నాలుకకు మన నవ్వు ఒక ముడి. దానిని మనము వినోదమని పిలుచుచున్నాము.

“నవ్వు తన్నుకొని వచ్చును, దానిని ఆపుట ఎవ్వరి తరము?” అని యడుగవచ్చును. నిజమే. మొదటి నవ్వు మన యధీనమున లేదు. కాలు జాఱినవానిని చూచినప్పుడు పెదవి ముందుగా కదలును, మనస్సు వెనుక వచ్చును. దానికై ఎవ్వరిని శిక్షింపలేము. కాని మనస్సు వచ్చిన పిదప నవ్వు రెండవ నవ్వు. అది మన సమ్మతితో వచ్చినది. మన నడతకు లెక్క చెప్పవలసినచో ఆ లెక్క రెండవ నవ్వునొద్ద మొదలగును.

నేరమును నవ్వుతో కలిపిన మంచి కథ చేయు మేలు ఇదియే: అది మొదటి నవ్వును మనచేత నవ్వించి, రెండవదానిని మన చేతిలో పెట్టి ఊరకుండును. ముగ్గురి ముఖ మొక్కటియే యగుటచేత, “దుష్టుని ముఖమే వేఱు” అని తప్పించుకొనుటకును వీలులేదు. భేదము ముఖమున లేదు. ఒకని చుట్టును చప్పట్లు, మఱియొకని చుట్టును పరిహాసము. నేరము చేసినవాడు నేరస్థుడే. వాని చేతికి క్షమ లేదు. కాని వానిని చూచి నవ్వినవారు సాక్షులు మాత్రమే కారు.

ఆ సాయంత్రము పొరుగింటి బాలుడు మా యింటికి మజ్జిగకై చెంబుతో వచ్చెను. మాట మొదటి యక్షరమునొద్దనే నిలిచిపోయినది. ఎవ్వరును అందించలేదు, తొందరపెట్టలేదు. బావగారు సయితము పత్రిక దించి వాని ముఖమువైపు చూచుచు కూర్చుండిరి. కొంతసేపటికి మాట తానే వచ్చినది. మేనకోడలు చెంబు నింపి యిచ్చెను.