దీనివల్ల ఏం లాభం?

లాభం ముందే తెలియని పనికి డబ్బు, కాలం ఖర్చు చేయవచ్చా? ఇది సైన్సు ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

మన ఒంట్లో పుట్టుకతోనే వచ్చే రోగనిరోధక శక్తి ఒకటుంది. ఎన్నడూ చూడని సూక్ష్మజీవి చొరబడినా కొద్ది గంటల్లోనే అది పనిలోకి దిగుతుంది. వచ్చింది శత్రువని దానికెలా తెలుస్తుంది? ఈ జవాబుకు దారి పండ్ల మీద ముసిరే చిన్న ఈగలో దొరికింది. టోల్ అనే జన్యువు చెడిపోయిన ఈగలు బూజు సోకితే తట్టుకోలేక చనిపోతాయని ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపింది. దాన్ని పోలిన జన్యువే ఎలుకల్లో కొన్ని బాక్టీరియాల విషాన్ని పసిగడుతుందని 1998లో అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ కనుగొన్నారు. అలాంటి గ్రాహకాలు మనలోనూ ఉన్నాయి. 2011లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఇదంతా ఇంట్లో చెబితే అమ్మ, "ఈగ చస్తే మనకేమి? జ్వరంతో పడున్నోడికి ముందు మాత్ర కావాల కదా!" అంది. ఆ మాటలో న్యాయముంది. మందు కోసం వెళ్లి "అయిపోయింది" అనిపించుకుని రావడం మా వీధిలో కొత్త కాదు. పైగా పరిశోధన ప్రతిసారీ ఫలించదు. ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్ నుంచి కాపాడాలని, ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ఎరిటోరాన్ అనే మందు తయారుచేశారు. పెద్ద పరీక్షలో అది మరణాలను తగ్గించలేకపోయింది.

అయినా నేను పరిశోధన వైపే ఉంటాను. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌లో, ఇదే కుటుంబానికి చెందిన గ్రాహకాలను తట్టిలేపే పదార్థం కలిపారు. అమ్మ అడిగిన మాత్ర కూడా ఒకప్పుడు ఎవరో వేసుకున్న ప్రశ్నే. ఇప్పుడు యాంటీబయాటిక్స్‌కు లొంగని బాక్టీరియా పెరుగుతున్నాయి. ఈనాటి రోగి మన కళ్లముందుండి అడుగుతాడు. రేపటి రోగి అడగలేడు. అడగలేని వాడి గురించి కూడా ఆలోచించడం మన బాధ్యత.

అయితే రెండు షరతులు. రోగి మాత్రకు పెట్టాల్సిన డబ్బు తీసి పరిశోధనకు పెట్టకూడదు. "రేపే మందు వస్తుంది" అని ఎవరికీ ఆశ పెట్టకూడదు. ఎరిటోరాన్ పనిచేయలేదన్న ఫలితాన్ని 2013లో దాచకుండా అచ్చువేశారు. అలా ఉన్నదున్నట్టు చెప్పినంతకాలం, లాభం తెలియని ప్రశ్న అడగడం తప్పు కాదని నా అభిప్రాయం.