మూడో ఏటి కొలత పెట్టుకో

బిడ్డా,

కొత్త ఇంటి ప్రహరీ పొడుగున గడ్డి దుబ్బులు పెడ్తనని, “పొట్టి రకమేనట పెద్దబాపూ, అడుగుకొకటి చొప్పున ముప్పై మొక్కలు చెప్పిన” అని ఫోన్ల అన్నవు. మంచిదే. కేసముద్రంల ఇల్లు కట్టినోళ్లంత గేటుకు అటొకటి ఇటొకటి అశోక చెట్టు నాటి ఊకుంటరు, నువ్వు గడ్డి మీద మనసు పడ్డవు. గని ఆ ముప్పై మొక్కల మాట జర ఆపు. పది చాలు.

కడియం నుంచి లారీల దిగే కవరు మొక్కను చూసి ఎవరైన మోసపోతరు. జానెడెత్తు, నాలుగైదు పిలకలు, ఒక్క పిడికిట్ల పట్టేటంత. పొట్టి అంటె ఎంత పొట్టి అని నర్సరీ ఆయనను అడిగినవా? వాగుల మనిషిని మించి లేచే రెల్లు పక్కన నిలబెడితె మూడడుగుల గడ్డి కూడ పొట్టిదే. నువ్వు చెప్పిన ఊదా రంగు ఫౌంటెన్ గడ్డి అసొంటిదే. ఎండ, నీళ్లు దొరికితె మూడు నాలుగు అడుగులు లేస్తది, పక్కకు కూడ ఇంచుమించు మూడడుగులు పరుసుకుంటది. చలి దేశాలల్ల దాన్ని ఒక్క ఏడాది మొక్కగనే పెంచుతరు, మంచు పడంగనే చచ్చిపోతది. మన దగ్గర ఆ మంచు లేదు. అక్కడి పుస్తకంల రాసిన కొలత చూసి ఇక్కడ జాగ ఇస్తె అది ఒప్పుకోదు.

వరి కూడ గడ్డే కద, నాట్లేసిన ఇంట్ల పుట్టినదానివి, పిలకల సంగతి నీకు కొత్తగ చెప్పాల్నా. కుదురుకు ఒకటి రెండు కర్రలు పెడ్తం. మొదటి పది పదిహేను రోజులు పొలం చూస్తె మనసు చిన్నబోతది. తర్వాత ఒక్కో కర్ర పక్కన కొత్త పిలక, దాని పక్కన ఇంకోటి, ఉన్నట్టుండి పొలంల నీళ్లు కానరావు. దుబ్బు గడ్డిది కూడ ఇదే నడక, కాకపోతె పంట లెక్క నాలుగు నెలలల్ల అయిపోదు, ఏండ్ల మీద సాగుతది. కొత్తల దాని బలమంత వేర్లకే పోతది. అప్పుడే ఆగం కావొద్దు, యూరియా చల్లొద్దు. యూరియా పడ్డ గడ్డి మెత్తగ, ఎత్తుగ లేచి, మొదటి గాలివానకు నడుమ విరిగినట్టు పడుకుంటది. చెట్టు నీడల పెట్టినా అంతే, వెలుతురు కోసం ఒరుగుతది.

లెక్క తేలికనే. మూడడుగులు పరుసుకునే దుబ్బుకు మొక్కకు మొక్కకు మూడడుగులు, గోడకు దుబ్బు నడిమికి అడుగున్నర. ముప్పై అడుగుల గోడకు పది మొక్కలు. గోడకు ఆనిచ్చి పెడితె వెనుక సగం ఎండ తగలక గుల్లబారుతది, సున్నం వేసేటోడు లోపలికి చెయ్యి పెట్టలేడు. బాత్‌రూం గోడకు, పిల్లలు ఆడే మెట్లకు ఈ దుబ్బులు దూరంగుండాలె. ఒత్తైన గడ్డి కింద ఏ పురుగు దూరిందో కానరాదు.

అన్ని ఒక్క తీరు పెరగవు మరి. మోండో గడ్డి అని ముదురాకుపచ్చగ ఉంటది, నిజానికి అది గడ్డి జాతే కాదు. దాని పొట్టి రకం మూడు నాలుగు అంగుళాలు దాటదు, దానికి ఓపిక కావాలె. దగ్గరదగ్గరగ పెట్టినా కలిసిపోవుటానికి ఏండ్లు పడ్తది. నీడకు మంచిది, మన మే నెల ఎండల పెడితె కొసలు మాడిపోతయి. నిమ్మగడ్డికి రెండడుగుల దూరం ఇయ్యి. నాటిన మూడు నాలుగు నెలలకే చాయకు కోసుకోవచ్చు, నాలుగైదేండ్లు కాపాడుకోవచ్చు. దోమలు రావని పెడ్తరు గని, నిలబడ్డ దుబ్బును చూసి దోమ ఎక్కడికీ పోదు. ఆకు నలిపితె వచ్చే నూనెలనే ఆ గుణం ఉన్నది. దాని అంచు గీరుకుంటది, నడక బాట పక్కన వద్దు.

ఫౌంటెన్ గడ్డి కొనేటప్పుడు ఊదా ఆకుదే తీస్కో. పచ్చాకుది ఇత్తనం రాల్చి ఊరు మీద పడ్తది. హవాయి దీవులల్ల అది బీళ్లన్ని కమ్మేసి, ఎండినంక నిప్పు పట్టుకునే గడ్డయింది. ఊదాది ఇత్తనం కట్టుడు బహు తక్కువ. ఇంకో ముచ్చట, ఇది మన సజ్జకు చుట్టమే. అలంకారానికని ముదురు ఊదా సజ్జ ఒకటి తీస్తె, ‘పర్పుల్ మెజెస్టీ’ అని పేరు పెట్టి 2003ల అమెరికాల బంగారు పతకం ఇచ్చిండ్రు. మనమేమో సజ్జరొట్టె తినుడే మర్సిపోయినం.

ఒక్క చోట మాత్రం నా దూరం లెక్క పనికిరాదు. మీ ఇంటెనుక వర్రె గట్టున్నది కద, అక్కడ వట్టివేరు పెట్టు, అదీ జానెడు లోపల్నే, వరుసగ, సందు లేకుంట. 2024 సెప్టెంబర్ 1 నాటి వాన నీకు యాదికే ఉంటది, ఇంటికన్నెకు కేసముద్రానికి నడుమ పట్టాల కింది కంకర కొట్టుకపోయి రైళ్లు ఆగినయ్. రైలు కట్టకే అట్లయితె మన మట్టి గట్టెంత. వట్టివేరు పక్కకు ఉరకదు, కిందికి దిగుతది. మెత్తటి నేల దొరికితె మొదటి ఏడే తొమ్మిది పది అడుగుల లోతుకు పోతది. 1980లల్ల ప్రపంచ బ్యాంకు వాళ్లు మన దేశంల మట్టి కోతకు దీన్నే కంచెగ పెట్టిచ్చిండ్రు. దక్షిణాది రకం అడిగి తెచ్చుకో, అది ఇత్తనం వేసి పొలాలల్ల పడదు.

దుబ్బు మూడు నాలుగేండ్లకు నడుమ ఎండి, చుట్టూ పచ్చగ గాజు లెక్క మిగుల్తది. రోగమని మందు కొట్టకు. కొత్త పిలకలు అంచుకే వస్తయి, పాతయి నడుమ చస్తయి, అంతే. తొలకరికి ముందు ఆకును జానెడు మిగిల్చి కొడవలితో కోసెయ్యి. మిరుగు వానకు నేల మెత్తబడ్డంక దుబ్బు చుట్టూ గడ్డపారతో తవ్వి, పూర్తిగ లేపి, పాత నడుమను పారెయ్యి. అంచు ముక్కలను ఒక్కోదానికి మూడు నాలుగు పిలకలు, కింద ఇంత వేరు ఉండేటట్టు చీల్చి నాటుకో. ఒక్క దుబ్బుకు ఐదారు మొక్కలయితయి. ఇప్పుడు తప్పించిన ఇరవై మొక్కలు నీకు అప్పుడు పైసా లేకుంట వస్తయి.

మరి అన్నేండ్లు మొక్కల నడుమ జాగ బోసిగ ఉంటదంటవు. ఉండనియ్యకు. వానకాలం మొదట్ల ఆ సందులల్ల బంతి, పట్టుకుచ్చు ఇత్తనం చల్లు, బతుకమ్మ నాటికి ఇంట్ల పూలే అందుతయి. దుబ్బు మొదలుకు జానెడు ఎడం ఉంచి చల్లు, లేకుంటె బంతి నీడకు గడ్డి ఎదగదు. దుబ్బులు ఒకదానికొకటి తగిలే ఏడు బంతిని దొడ్డిల మడికి మార్చుకో. ఈ మిరుగుకు నాటేటట్టయితె ముందే చెప్పు, గడ్డపార పట్టే మనిషిని నేను మాట్లాడి పంపిస్త.

మీ పెద్దబాపు