బహుమతా, బాకీనా?

"క్యాష్‌బ్యాక్" అన్న మాటని తెలుగులో చెప్పమంటే "తిరిగొచ్చిన డబ్బు" అంటాం. మనం ఖర్చుపెట్టిన దాంట్లోంచి కొంత మనకే తిరిగి వచ్చిందని దానర్థం. అదే డబ్బుని ఇచ్చే ఏర్పాటుని మాత్రం బ్యాంకులు "రివార్డ్స్ ప్రోగ్రాం" అంటాయి. రివార్డు అంటే బహుమతి. ఒకే డబ్బు ఒక మాటలో మనది, ఇంకో మాటలో వాళ్ళ దయ. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. పథకం నియమాలు మారబోతున్నాయని తెలిసిన రోజున మాత్రం పట్టించుకోక తప్పదు. అది మనదే అయితే ఎందుకు తగ్గిస్తున్నారని అడగొచ్చు. బహుమతి అయితే ఇచ్చినవాళ్ళ ఇష్టం, అడగటానికి ఏమీ లేదు. ఇది క్రెడిట్ కార్డులు వాడేవాళ్ళ సమస్య మాత్రమే కాదనీ, స్త్రీలుగా మనకి చాలాకాలంగా తెలిసిన ప్రశ్నే కొత్త వేషంలో వచ్చిందనీ నాకనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2022 సెప్టెంబరులో ఎస్‌బీఐ కార్డ్ సంస్థ ఒక క్యాష్‌బ్యాక్ కార్డు తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఎక్కడ కొన్నా 5 శాతం, బయటి దుకాణాల్లో కొంటే 1 శాతం వెనక్కి ఇస్తామన్నారు. ఎనిమిది నెలలకే, 2023 మే 1 నుంచి, నియమాలు మారాయి. నెలకు 10,000 రూపాయలుగా ఉన్న గరిష్ఠ పరిమితి 5,000 అయింది. క్యాష్‌బ్యాక్ వర్తించని ఖర్చుల జాబితా పెరిగింది. ఆ మార్పు తర్వాత జాబితాలో బడి ఫీజులు, కరెంటు లాంటి బిల్లులు, బీమా, నగలు, రైలు టిక్కెట్లు ఉన్నాయి. ఇదొక్క సంస్థ చేసిన పని కాదు. ఆ తర్వాత చాలా బ్యాంకులు ఇదే దారి పట్టాయి. ఇప్పుడు కొత్త కార్డు తీసుకునేవాళ్ళు "ఇది ఎన్నాళ్ళుంటుందో" అనుకుంటూనే తీసుకుంటున్నారు.

ఆ జాబితాని ఇంకోసారి చదవండి. పిల్లల చదువు, ఇంట్లో దీపం, ఒంటికి బీమా, ఊరికి ప్రయాణం. ఒక ఇల్లు నడవటానికి తప్పనిసరైన ఖర్చులివి. నగలు విలాసమే కదా అనేవాళ్ళకి, మన ఇళ్ళలో ఆడవాళ్ళకంటూ ఉన్న ఒకే ఒక్క ఆస్తి చాలాసార్లు ఆ కాస్త బంగారమేనని గుర్తుచెయ్యాలి. ఇలాంటి చెల్లింపుల్లో కొన్నిటి మీద బ్యాంకుకి దక్కే రుసుము తక్కువ, బహుశా అందుకే వాటిని తీసేశారు. నియమం రాసినవాళ్ళకి ఆడవాళ్ళ మీద కక్షేమీ ఉండదు. కానీ ఫలితం చూస్తే, అవసరానికి బహుమతి లేదు, కొనుగోలు సరదాకే ఉంది. ఇల్లు నిలబెట్టే ఖర్చుకి విలువ లేకపోవటం మనకేమీ కొత్త కాదు. ఇల్లు నిలబెట్టే పనికే విలువ కట్టని సమాజంలో బతుకుతున్నాం.

అసలీ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? మనం కార్డుతో వంద రూపాయల సరుకు కొంటే దుకాణదారుకి వందా చేరదు. రెండు రూపాయలకి అటూ ఇటూగా రుసుము పోతుంది. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళుతుంది. ఆ భాగంలోంచి కొంత మనకిస్తారు. మరి రెండు రూపాయలు వచ్చేచోట అయిదు రూపాయలు ఎలా ఇస్తారు? వార్షిక రుసుములోంచి, వ్యాపార సంస్థలతో చేసుకున్న ఒప్పందాల్లోంచి, అన్నిటికంటే ముఖ్యంగా నెల తిరిగేసరికి బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్ళ వడ్డీలోంచి. చాలా కార్డుల మీద ఈ వడ్డీ నెలకు మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. అంటే ఏడాదికి 40 శాతం పైమాటే. కొత్త కార్డుకి జనాన్ని అలవాటు చెయ్యటానికి మొదట్లో ఎక్కువిచ్చి, అలవాటయ్యాక తగ్గించటం కూడా ఈ లెక్కలో భాగమే. కాబట్టి మార్పు అనేది అనుకోకుండా వచ్చిపడే ఆపద కాదు. మొదటి రోజు ఔదార్యంలోనే అది ఉంది.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. ఆవిడ కార్డు వేరే బ్యాంకుది, పేరు అనవసరం. అసలు అది ఆవిడది కూడా కాదు. మా అన్నయ్య కార్డుకి అనుబంధంగా ఇచ్చిన రెండో కార్డు. ఇంటి ఖర్చంతా దాని మీదే నడుస్తుంది. ఏ సరుకు ఎక్కడ కొంటే ఎంత తగ్గుతుందో, ఏ బిల్లు ఏ యాప్‌లో కడితే ఎంత తిరిగొస్తుందో లెక్కలన్నీ వదినే చూస్తుంది. పెళ్ళికి ముందు కాలేజీలో కామర్స్ చెప్పిన మనిషి. నెలకు 1500 దాకా వెనక్కి రాబట్టేది. అది అన్నయ్య కార్డు ఖాతాలో జమ అయ్యేది. అంత మొత్తాన్ని అన్నయ్య వదినకి విడిగా ఇచ్చేవాడు. "నువ్వు సంపాదించిందేగా" అనేవాడు, మంచివాడే. ఆ డబ్బు తెనాలిలో ఒంటరిగా ఉంటున్న వాళ్ళమ్మకి మందులకి పంపేది వదిన. పుట్టింటికి డబ్బు పంపాలంటే మొగుడి ముందు నోరు తెరవాల్సిన ఇబ్బంది ఏమిటో ఈ పత్రిక పాఠకులకి నేను వివరించక్కర్లేదు.

నియమాలు మారతాయని బ్యాంకు పంపిన సందేశం అన్నయ్య ఫోనుకి వచ్చింది. ఆయన చూడలేదు. ఆ నెల బిల్లులో 400 కూడా జమ కాలేదు. "ఈసారి వాళ్ళే ఇవ్వలేదు, నేనేం చెయ్యను?" అన్నాడు అన్నయ్య. అందులో కోపం లేదు, పిసినారితనం లేదు. నిజంగానే తన చేతిలో ఏమీ లేదనుకున్నాడు. వదిన నాతో చెబుతూ నవ్వింది. "నా జీతం కోసేశారు తల్లీ. ఎందుకు కోశావని అడగటానికి యజమాని ఎవరో కూడా తెలీదు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వదినకి ఆ 1500 రెండు దయల మీదుగా వచ్చేది. మొదటిది అన్నయ్య మీద బ్యాంకు దయ, రెండోది వదిన మీద అన్నయ్య దయ. ఎక్కడ తెగినా ఆగిపోయేది ఒక ముసలావిడ మందులు. కానీ నిజానికి ఆ డబ్బుకి మూలం ఎక్కడుంది? నెలంతా చేసిన లెక్కల్లో, ధరల వెతుకులాటలో, గడువు తేదీ గుర్తుపెట్టుకోవటంలో ఉంది. అది పని. 2024లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు వాటి మీద రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఇంటికి కావలసినవి కొనటం, ఇంటి నిర్వహణ కూడా ఆ పనుల్లో భాగమే. రివార్డుల కోసం చేసే లెక్క ఈ చాకిరీకి కొత్తగా వచ్చి చేరిన కొసరు. చేసేదేమో పని, దొరికేదానికి పేరేమో బహుమతి.

ఇలాంటి పథకాలకి "లాయల్టీ ప్రోగ్రాం" అని ఇంకో పేరుంది. లాయల్టీ అంటే విధేయత, నమ్మి కట్టుబడి ఉండటం. ఎవరు ఎవరికి కట్టుబడి ఉండాలి? కొనేవాళ్ళు కార్డుకి. కార్డు మాత్రం ఎవరికీ కట్టుబడి ఉండదు. నియమాలు ఎప్పుడైనా మార్చే హక్కు తమకుందని ముందే రాసి పెట్టుకుంటుంది. పాతివ్రత్యాన్ని ఇంతకంటే సూటిగా నిర్వచించటం కష్టం. నచ్చకపోతే వదిలెయ్యొచ్చు కదా అంటారు. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు, రుసుములు తమకి నష్టం కలిగేలా మారితే అదనపు భారం లేకుండా కార్డు వదులుకునే వీలు ఖాతాదారుకి ఇచ్చాయి. మంచి నియమమే. అయితే ఖాతాదారు ఎవరు? అనుబంధ కార్డు పట్టుకున్న మనిషికి ఖర్చు పెట్టే వీలుంది గానీ, పేరు లేదు, సందేశం రాదు, కార్డు ఖాతా మూసే అధికారం లేదు. ఇంట్లో ఆవిడ స్థానానికి ఇంత నిజాయితీగా ఎవరూ పేరు పెట్టలేదు: అనుబంధం.

బహుమతికీ హక్కుకీ మధ్య తేడా తెలుగు ఆడపిల్లలకి "పసుపు కుంకుమ" అన్న మాటలో తెలుసు. పెళ్ళప్పుడు కూతురికిచ్చే ఎకరమో అరెకరమో పసుపు కుంకుమల కింద ఇచ్చేవారు. అది ప్రేమే, కాదనను. కానీ ఎంతివ్వాలో, ఎప్పుడివ్వాలో, అసలివ్వాలో లేదో తండ్రి నిర్ణయం. ఆ తర్వాత వాటా గురించి అడిగితే "ఇచ్చాంగా" అనే జవాబు సిద్ధంగా ఉండేది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం ఆ పని దేశమంతటికీ చేసింది. ఆ రోజుతో అన్ని ఇళ్ళలో వాటాలు వచ్చేశాయని కాదు. కానీ కూతురు అడిగే మాట మారింది. "ఏమైనా ఇస్తారా" అన్నది "నాది నాకివ్వండి" అయింది. నైతికంగా ఈ రెండు వాక్యాల మధ్య దూరం చాలా పెద్దది. అయినా పాత మాట పోలేదు. 2019 ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకి రాష్ట్ర ప్రభుత్వం తలా పదివేలు ఇచ్చిన పథకానికి పెట్టిన పేరు కూడా "పసుపు కుంకుమ" అన్నదే.

అయితే బ్యాంకు 5 శాతం తిరిగి ఇచ్చేస్తే న్యాయం జరిగినట్టేనా? ఇక్కడ మన లెక్కని మనమే తిరగేసి చూడాలి. దుకాణదారు తాను కట్టే రుసుముని ధరల్లో కలుపుకుంటాడు. ఆ ధర అందరికీ ఒకటే. మా వదినకీ, మా వదిన ఇంట్లో పనిచేసే ఆవిడకీ సూపర్ మార్కెట్లో కందిపప్పు ఒకే రేటు. వదిన కార్డు గీస్తే కొంత వెనక్కి వస్తుంది. జీతం చీటీ లేని ఆవిడకి కార్డెవరూ ఇవ్వరు. ఆవిడ నోట్లు ఇస్తుంది, ఏమీ తిరిగి రాదు. 2010లో అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పరిశోధకులు దీన్నే లెక్కగట్టారు. నగదుతో కొనే ఒక్కో కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డు వాడేవాళ్ళకి చెల్లిస్తున్నట్టూ, కార్డు వాడే ఒక్కో కుటుంబం నగదు వాడేవాళ్ళ నుంచి 1,133 డాలర్లు పొందుతున్నట్టూ తేల్చారు. మన దేశంలో పరిస్థితి వేరు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద దుకాణదారుకి రుసుము లేదు. కాబట్టి ఆ అంకెల్ని ఇక్కడికి మోసుకురాలేం. కానీ దిశ అదే. కిందివాళ్ళ నుంచి పైవాళ్ళకి.

అంటే మనం "బహుమతి" అని సంతోషపడే దాంట్లో ఇంకో స్త్రీ వాటా ఉంది. కార్డు బిల్లు కట్టలేక వడ్డీలో కూరుకుపోయినవాళ్ళ డబ్బుంది. ఇది ఒప్పుకుంటే వదిన ఫిర్యాదు అబద్ధమవుతుందా? అవదు. మందులు మందులే. ఒకే మనిషి ఒక సంబంధంలో దోపిడీకి గురవుతూ, ఇంకో సంబంధంలో దాని లాభం కొద్దిగా అందుకుంటూ ఉండొచ్చు. మధ్యతరగతి స్త్రీల జీవితమంతా ఈ రెంటి మధ్యే ఉంది. కులం దగ్గరా, పనిమనిషి జీతం దగ్గరా మనం ఈ మాట ఇదివరకు చర్చించుకున్నాం. బహుమతి అనే పేరు చేసే పెద్ద అన్యాయం నా దృష్టిలో ఇదే: ఎవరి నుంచి వచ్చిందో దాచిపెడుతుంది. ఇచ్చినవాళ్ళ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. అసలు కట్టినవాళ్ళ చేతులు కనిపించవు. అన్నయ్య ఇచ్చాడు, బ్యాంకు ఇచ్చింది, ప్రభుత్వం ఇచ్చింది. ఆ ఇచ్చింది వదిన శ్రమ అనీ, ఇంకొకావిడ పప్పు ధర అనీ ఎవరూ అనరు.

కాబట్టి మన పోరాటం పాత శాతం కోసం కాకూడదు. క్యాష్‌బ్యాక్ పెంచండని అడగటం, పసుపు కుంకుమ కింద ఇంకో అరెకరం అడగటం లాంటిది. అడగాల్సింది వేరే ఉంది. 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక భరణం కేసు తీర్పులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి బి.వి. నాగరత్న, ఇంటిపట్టున ఉండే భార్యకి ఆర్థిక భద్రత అవసరమని చెబుతూ, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం వాడుకునే వీలు లాంటివాటిని ప్రస్తావించారు. అంతకు ఏడాది ముందు, 2023 జూన్‌లో, మద్రాసు హైకోర్టు భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో గృహిణి శ్రమ కూడా ఉందని గుర్తించి సమాన వాటా ఇచ్చింది. వదిన చేతికి రావాల్సింది కార్డు విదిలించే కొసరు కాదు. నెల మొదటి తేదీన, ఎవరి మూడ్‌తోనూ ఏ నియమ సవరణతోనూ సంబంధం లేకుండా, ఆ ఇంటి ఆదాయంలో ఆవిడ వాటా. దాంట్లోంచి వాళ్ళమ్మకి ఎంత పంపుకోవాలో ఆవిడ ఇష్టం. అలాగే ఆవిడ ఇంట్లో అంట్లు తోమే మనిషి జీతం కూడా పండక్కిచ్చే పాత చీరతో సరిపెట్టే విషయం కాదు.

ఏ ఇంట్లోనైనా, ఏ పథకంలోనైనా వేసుకోదగిన ప్రశ్న ఒకటుంది. రేపు ఇది ఆగిపోతే నేను బతిమాలాలా, నిలదీయొచ్చా? బతిమాలాల్సి వస్తే, ఎంత పెద్ద మొత్తమైనా అది నాది కాదు. నిలదీయగలిగితే, రూపాయైనా నాదే.