తీపి గుళికలూ, రాత్రి మాత్రా

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్ చేస్తే మీ అమ్మ మధ్యలో అందుకుంటుంది, నేను చెప్పేది సగమే నీదాకా వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నా.

నువ్వడిగినవి రెండు. నీ స్కిజోఫ్రీనియాకి హోమియోలో మందుందా? ఉంటే అది మొదలుపెట్టి ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు మానెయ్యొచ్చా? పనిచేస్తుందని గట్టిగా తేలిన మందు హోమియోలో లేదు. రెండోదానికి జవాబు, వద్దే తల్లీ. ఇంత పొడిగా చెప్పి ఊరుకుంటే నువ్వు తలూపి, చెప్పకుండా వెళ్తావు. సర్వీసంతా మానసిక వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని. "సరే సిస్టర్" అంటూ మాత్రని దవడకింద దాచినవాళ్లు నాకు కొత్త కాదు. వాళ్లమీద కోపం కూడా లేదు. దాచడానికి ప్రతివాళ్లకీ ఒక కారణం ఉండేది, అడిగితే చెప్పేవాళ్లు. అడిగేవాళ్లే తక్కువ.

హోమియో అంటే నాకు చులకన అనుకోకు. మనవైపు అది ఇంటి వైద్యంలా కలిసిపోయింది. గుడివాడలో గురురాజు గారి పేరిట హోమియో కాలేజీ 1945 నుంచీ ఉంది. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీకి అల్లు రామలింగయ్య గారి పేరే పెట్టారు; తెరమీద నవ్విస్తూనే ఆయన బయట హోమియో మందులిచ్చేవారు. మీ తాతగారి బీరువాలో గుళికల సీసాలు, వాటి పక్కన కర్పూరం పెట్టొద్దని చీటీ, మందు వేసుకున్న గంటదాకా కాఫీ తాగకూడదని ఇంట్లో అందరికీ ఆర్డరు. ఆ చీటీ రాసిన మనిషి మంచివాడు, ఆయన మందిచ్చాక చాలామందికి జలుబూ తగ్గింది. జలుబు ఎలాగూ వారంలో తగ్గుతుంది, అది వేరే సంగతి.

సీసామీద 30 అని ఉంటుంది చూడు. అసలు పదార్థం ఒక పాలు, స్పిరిటో నీళ్లో తొంభైతొమ్మిది పాళ్లు కలిపి కుదిపి, అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ తొంభైతొమ్మిదిలో కలిపి, అలా ముప్పైసార్లు చేస్తే వచ్చేది ఆ 30. నువ్వు ఇంటర్లో కెమిస్ట్రీ చదివావు, అవగాడ్రో సంఖ్య నాకంటే నీకే బాగా గుర్తుండాలి. పన్నెండోసారి దాటేసరికి మొదటి పదార్థం అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 200 అని రాసినదాంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను గాలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ కనబడలేదని 2015లో తేల్చింది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య వ్యవస్థ, డాక్టర్లు ఇక హోమియో మందులు రాయొద్దని 2017లో సలహా ఇచ్చింది.

ఇక్కడ హోమియోపతిని కనిపెట్టిన హానిమన్ గారి గురించి ఒక మాట చెప్పాలి, ఆయనకి అన్యాయం చేయకూడదు. 1792లో జర్మనీలో జార్జెంతాల్ అనే ఊళ్లో, మతిచలించిన ఒక పెద్ద ఉద్యోగిని ఆయనకి అప్పజెప్పారు. క్లోకెన్‌బ్రింగ్ ఆయన పేరు. అప్పట్లో పిచ్చివాళ్లంటే గొలుసులు, కొరడాలు, రక్తం తీయడం. హానిమన్ ఇవేవీ చేయలేదు. ముందు రెండు వారాలు ఊరికే గమనించాడు. కొట్టనివ్వలేదు. ఆ మనిషి కోలుకున్నాడు. నేను ఎప్పుడూ ఆలోచించే విషయం ఏమిటంటే, హోమియోపతి సిద్ధాంతాన్ని ఆయన ప్రకటించింది 1796లో. అంటే ఈ పలచన చేసి కుదపడం అప్పటికింకా ఆయన చేతికి రానేలేదు. ఆ రోగికి ముఖ్యంగా దక్కినవి ఓపిక, పక్కన కూర్చునే మనిషి. నీకు మీ పక్కింటావిడ చెప్పిన హోమియో డాక్టరుగారి దగ్గర నచ్చిందీ అదే కదూ? గంటసేపు కూర్చోబెట్టి, చిన్నప్పుడు దేనికి భయపడేదానివి, ఉప్పు ఇష్టమా తీపి ఇష్టమా, కలల్లో నీళ్లు కనిపిస్తాయా అని అడిగారని రాశావు. మన ఓపీలో అయిదు నిమిషాలు. "నిద్ర పడుతోందా? మాటలు వినబడుతున్నాయా? సరే, ఇవే వాడండి." ఆకలిగా ఉన్నవాళ్లు ఎవరు అన్నం పెడితే వాళ్లింటికి పోతారు, అందులో నీ తప్పేం లేదు.

కానీ ఆ గుళికలవల్ల వచ్చే ముప్పు గుళికల్లో ఉండదు, వాటికోసం మానేసిన మాత్రలో ఉంటుంది. అది వెంటనే కనబడకపోవడమే దాని మాయ.

ఒకసారి వార్డులో ఒక కుర్రాణ్ణి చేర్చారు. డిగ్రీ రెండో ఏడు. వాళ్లమ్మ చేతిసంచీలో నాలుగు గుళికల సీసాలు, ఒక నోటుబుక్కు. హోమియో మొదలుపెట్టిన రోజునుంచీ ఆవిడ తేదీ వేసి రాసింది. మొదటి పేజీల్లో అంతా సంతోషమే: "చురుగ్గా ఉన్నాడు." "తొందరగా లేచాడు." "చాలా రోజులకి నవ్వాడు." నిజమే రాసింది, అబద్ధం కాదు. పాత మాత్రలు మానేశారు కాబట్టి మత్తు దిగింది, చేతుల వణుకు పోయింది. మాత్రలు మానినా జబ్బుమీద వాటి పట్టు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా నిలుస్తుంది. ఆ మధ్యకాలంలో మనిషి వెన్నెల్లో ఉన్నట్టుంటాడు, పేరేమో గుళికలకి వస్తుంది. పేజీలు తిప్పుతుంటే నెమ్మదిగా మారాయి. "రాత్రి రెండింటిదాకా నడిచాడు." "అన్నం నేను ముందు తింటేగానీ తినలేదు." ఒకచోట "రేడియో ఆపమన్నాడు" అని రాసి, కింద చిన్న అక్షరాలతో "మనింట్లో రేడియో లేదు" అని రాసుకుంది. దాని ఎదురుగానే డాక్టరుగారి మాట: "మందు పట్టింది, అందుకే పైకి తేలుతోంది, కంగారు పడొద్దు."

ఈ చివరి మాట గుర్తుపెట్టుకో. మొదట జబ్బు కాస్త పెరగడం మంచి సూచన అనే నమ్మకం హోమియోలో ఉంది. దద్దుర్ల విషయంలో ఆ నమ్మకంతో నాలుగు రోజులు గోక్కుంటావు, అంతే. నీ జబ్బులో తిరగబెట్టడాన్నే నయమవుతోందని చదువుకుంటే, ఆసుపత్రికి తీసుకురావలసిన నెల అలా గడిచిపోతుంది. ఆ కుర్రాడు తేరుకున్నాడులే. కాలేజీ మాత్రం మళ్లీ వెళ్లలేదు.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒక లెక్క. 2012లో లాన్సెట్ పత్రికలో, అరవైకి పైగా పరీక్షల ఫలితాలను కలిపి వేసిన లెక్క వచ్చింది. మాత్రలు కొనసాగించిన నూరుమందిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 27 మందికి. ఉత్తుత్తి మాత్రకి మారినవాళ్లలో 64 మందికి. ఇది నీకు దాచకుండా చెప్తున్నాను: మాత్రలు వేసుకుంటున్నా ఆ 27 మందికి తప్పలేదు, మానినా 36 మందికి ఏడాదిదాకా ఏమీ కాలేదు. నువ్వు ఆ 36 మందిలో ఉంటావా అంటే, ముందే చెప్పగలిగే పరీక్ష ఇప్పటికి లేదు.

నువ్వు ఇదే జబ్బు వచ్చిన గణితవేత్త జాన్ నాష్ పేరెత్తావు. ఆయన 1970 తరవాత మందులు ముట్టలేదు, 1994లో నోబెల్ అందుకున్నాడు. నిజమే. ఆయన కథమీద తీసిన సినిమాలో కొత్త మందులు వాడుతున్నట్టు ఒక మాట చెప్పిస్తారు, అది కల్పన. అయితే ఆయనకి జబ్బు బయటపడింది 1959లో, తేరుకున్నాడని చుట్టూ ఉన్నవాళ్లు అనుకునేసరికి ఎనభైల చివర్లోకి వచ్చారు. మధ్యలో ఆయన ప్రిన్స్‌టన్ ఆవరణలో బోర్డులమీద అర్థంకాని సంఖ్యలు రాస్తూ తిరిగిన ఏళ్లున్నాయి. నీకు ఇరవైనాలుగు. అన్నేళ్లు పందెం కాస్తావా? నాష్ గురించి చదివినదానివి ఎలిన్ సాక్స్ గురించి కూడా చదువు. కాలిఫోర్నియాలో లా ప్రొఫెసరు, ఇదే జబ్బు. తెలివైన మనిషి, తనకసలు జబ్బే లేదని రుజువు చేసుకోవాలని మాత్రలు మానుతూ, మళ్లీ కింద పడుతూ ఏళ్లు గడిపింది. మాత్ర అవసరమని ఒప్పుకున్నాకే జబ్బు తన జీవితంలో చిన్నదైందని ఆవిడే తన పుస్తకంలో రాసుకుంది.

ఇక అసలు కారణాలకి వస్తాను. ఒళ్లు వచ్చిందనీ, నెలసరి మూడు నెలలుగా రాలేదనీ మెసేజ్ చివర్లో ఎక్కడో ఒక వాక్యం పెట్టావు. మొదట చెప్పాల్సింది అదే కదటే! ఈ రకం మాత్రల్లో కొన్ని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతాయి, దానితో నెలసరి ఆగుతుంది. కొన్నిటికి ఆకలి విపరీతంగా పెరిగి బరువు, షుగరు పెరుగుతాయి. ఇవి నీ ఊహలు కావు, బద్ధకమూ కాదు. రక్తపరీక్షతో తేలుతుంది, మోతాదు తగ్గించొచ్చు, వేరే మందుకి మారొచ్చు, మత్తు ఉదయందాకా సాగకుండా వేళ మార్చొచ్చు. మోతాదు తగ్గించడమైనా నెలల తరబడి మెట్టుమెట్టుగా, చూసేవాళ్లు ఒకరు ఉండగా జరగాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు డాక్టరుతో దెబ్బలాడటం నీ హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో హక్కు కూడా ఇచ్చింది: రేపు నీకు బాగోలేనప్పుడు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, నీ తరఫున ఎవరు మాట్లాడాలో ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. నీ మాట చెల్లాలంటే దారి ఇదిగో, దొంగచాటుగా మానడం కాదు.

రెండో కారణం నువ్వు రాయలేదు, మీ అమ్మ నోరు జారింది. సంబంధాలు చూస్తున్నారట. గుళికల సీసా అయితే ఎలర్జీకి అని చెప్పుకోవచ్చు, సైకియాట్రిస్టు చీటీని ఏమని చెప్తాం, అంది. అంటే ఈ హోమియో నీ జబ్బుకోసం కాదు, పెళ్లివారి కళ్లకోసం. మీ అమ్మ భయం నాకు తెలుసు. మానసిక ఆసుపత్రి ఉందని ఎర్రగడ్డ పేరునే తిట్టుగా మార్చుకున్న జనం మధ్య ఆడపిల్లని కన్నది. అయినా ఈ ఒక్క విషయంలో దాని మాట వినకు. కొత్త ఇంట్లో రాత్రిపూట మాత్ర ఎక్కడ దాస్తావు? నిద్ర చెడి మాట తేడా వచ్చిన మొదటి వారంలో, నీ పక్కనున్నవాడికి దాన్ని గుర్తుపట్టడం ఎలా తెలుస్తుంది? బిడ్డ కావాలనుకున్నప్పుడు ఏ మందు ఉంచాలో ఏది మార్చాలో డాక్టరు ముందుగా చూడాలి, అది దాచిన కాపురంలో కుదురుతుందా? ఊరందరికీ చాటమనట్లేదు. ఆ అబ్బాయికి, తాంబూలాలకి ముందు, నువ్వే చెప్పు. కావాలంటే డాక్టరుగారి ఎదుట కూర్చోబెట్టి చెప్పు. వెళ్లిపోయేవాడు అప్పుడే వెళ్లిపోతాడు, మంచిదే.

చట్టానికీ భయపడకు. హిందూ వివాహ చట్టంలో విడాకుల దగ్గర ఈ జబ్బు పేరు ఉన్న మాట నిజం. కానీ 2013లో మన తెలుగువాళ్ల కేసే ఒకటి సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. భార్యకి స్కిజోఫ్రీనియా అని భర్త విడాకులడిగాడు. ఆవిడ వైద్యం చేయించుకుంటూ ఉద్యోగం చేసుకుంటోంది, జబ్బు పేరొక్కటే విడాకులకు చాలదు, అని కోర్టు కొట్టేసింది. ఆవిడని నిలబెట్టినవాటిలో మానకుండా చేయించుకున్న వైద్యం కూడా ఉంది.

సరే, ఇంత చెప్పినా ఆ హోమియో డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలనే ఉంటే వెళ్లు. గంటసేపు మాట్లాడి రా. గుళికలిస్తే ఏ పేరు, ఎంత పొటెన్సీ అని రాయించుకుని మన డాక్టరుకి చూపించు. మదర్ టింక్చర్ అయితే మాత్రం చూపించకుండా వేసుకోకు, అందులో పదార్థం నిజంగానే ఉంటుంది. రాత్రి మాత్ర ఆపమని ఆయన అంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కకు.

మధ్యలో మనసు మరీ గాభరాగా ఉండి నేను ఫోన్ ఎత్తకపోతే 14416కి చెయ్యి. టెలి మానస్, ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే మంగళవారం ఓపీకి నేనూ వస్తున్నా. ఒక కాగితం మీద రాసి ఉంచు: ఆఖరి నెలసరి తేదీ, మాత్ర మొదలుపెట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, ఎన్నింటికి వేసుకుంటున్నావు, ఎన్నింటికి లేస్తున్నావు. ఎన్ని మాత్రలు ఎగ్గొట్టావో కూడా రాయి, నేను తిట్టను. పాత చీటీలన్నీ తే. అయిదు నిమిషాలే ఇస్తారు కాబట్టి నెలసరి సంగతి మొదట చెప్పాలి, చివర్లో కాదు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.

మీ పెద్దమ్మ