చూచినవాని ధర్మము



కన్ను భగవంతుడు మనకిచ్చిన దీపము. అర్చామూర్తిని సేవించుటకును, సద్గ్రంథములు చదువుటకును, త్రోవలోని ముల్లును తప్పించుకొనుటకును ఆ దీపమే మనకు తోడు. కాని చూడదగినవి మాత్రమే కంటబడునను నియమము లోకమున లేదు. చూడరానిది అనుకొనకుండ కంటబడినపుడు ఏమి చేయవలెను? కన్నులు మూసికొని హరినామము స్మరింపుమని పెద్దలు చెప్పుదురు. మంచి మాటయే. కాని అది సగము మాట. తక్కిన సగము నాకును ఆలస్యముగనే తెలిసినది. దానిని పాఠకులకు విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పూర్వము నాయొద్ద సంస్కృతము చదువుకొన్న యువకుడొకడు ఇప్పుడొక కార్యాలయమున లెక్కలు వ్రాయు ఉద్యోగములో నున్నాడు. ఒక ఏకాదశినాటి సాయంకాలము మా యింటికి వచ్చి, పెరుమాళ్ళను సేవించి, తీర్థము పుచ్చుకొని, చాలసేపు మాటాడక కూర్చుండెను. పిదప మెల్లగా తన సంగతి చెప్పెను. అతడు పనిచేయు కంప్యూటరు అంతకుముందు పై అధికారి యొకని వాడుకలో నుండెనట. పాత బిల్లుల కొరకు వెదకుచు ఒక ఫోల్డరు తెరువగా అందులో అశ్లీలచిత్రములు కనబడినవి. వెంటనే మూసివేసెను. కాని మూయుటకు ముందే మరియొకటి కంటబడినది. తనతోపాటు పనిచేయు స్త్రీల చిత్రములు, వారెరుగకుండ తీసినవి, వానితో కలిసి యుండెను.

“స్వామీ! ఈ ఉద్యోగము నాకిప్పించినది ఆ అధికారియే. మా చెల్లెలి పెండ్లికి చేబదులిచ్చి ఆదుకొన్నదియు ఆయనయే. ఈ సంగతి చెప్పినచో కృతఘ్నుడ నగుదును. చెప్పకున్నచో రేపెవరైన ఆ యంత్రము తెరచి, ఇవి నీవే యనినపుడు నాకు దిక్కెవరు? అన్నియు చెరిపివేసి ఊరకుందునా?” అని అడిగెను.

నేను పెద్దగా ఆలోచింపలేదు. “చెరిపివేయుము నాయనా! తలస్నానము చేసి ద్వాదశనామములు స్మరించి మరచిపొమ్ము. ఇతరుల దోషములు చెప్పుకొనుట మనకేల?” అంటిని. అతడు నమస్కరించి వెడలిపోయెను. కాని అతని ముఖమున తేట కనబడలేదు.

మరునాడు ద్వాదశి పారణ ముగించి నిత్యపారాయణమునకు కూర్చుంటిని. ఆనాటి భాగము సుందరకాండములోని పదునొకండవ సర్గ. నలువది ఏండ్లుగా చదువుచున్న ఆ సర్గ ఆ ఉదయమున నన్నే ప్రశ్నించినట్లయ్యెను.

కథ అందరెరిగినదే. హనుమంతుడు రాత్రివేళ రావణుని అంతఃపురము ప్రవేశించి, నిద్రలో ఒడలు తెలియక పడియున్న స్త్రీలనందరను చూచెను. చూచిన పిమ్మట ఆ మహాత్మునకు భయము కలిగెను. పరస్త్రీలను ఇట్టి స్థితిలో చూచుట వలన తన ధర్మమునకు లోపము కలిగెనేమో యని చింతించెను. పిదప విచారించి, ఇంద్రియములను మంచికి గాని చెడుకు గాని త్రిప్పునది మనస్సే గదా, నా మనస్సు చలింపలేదు గదా, స్త్రీని వెదకవలసినది స్త్రీలలోనే గదా యని సమాధానపడెను.

ఇంతవరకు మన యువకునకును వర్తించును. అతడు కోరి చూడలేదు. పనికొరకు వెదకుచుండగా కంటబడినది. మరల తెరచి చూడలేదు. కావున అతనికి పాపము లేదు. నేను చెప్పిన స్నానమును స్మరణమును అతని మనశ్శాంతికి చాలును. కాని హనుమంతుడు మనస్సు కుదుటపడిన తోడనే తన పని ముగిసినదని తలచెనా? లేదు. అశోకవనమునకు పోయి ఆర్తురాలైన అమ్మను చూచెను. చూచిన సంగతి చెప్పవలసినవారికి చెప్పువరకు విశ్రమింపలేదు. తన మనస్సు నిర్మలముగ నున్నదన్న ఎరుక ఆయనకు పని చేయుటకు బలమైనది. నేనో, దానినే పని మానుటకు నెపముగా చేసి ఆ పిల్లవానికి బోధించితిని. చిత్రములు చెరిపినచో అతని కంటికి శాంతి కలుగును. తమ మానము దొంగిలింపబడినట్లు కూడ ఎరుగని ఆ స్త్రీల మాటేమి? వారిని గూర్చి నేను ఒక్క క్షణమైనను తలపలేదు.

పుస్తకము మూసి అతనికి ఫోను చేసితిని. “చెరిపితివా?” అని అడిగితిని. “లేదు స్వామీ, చేయి రాలేదు” అనెను. “చెరుపకుము. నిన్న నేను చెప్పినది తప్పు” అంటిని.

ఇక ఎట్లు చెప్పవలెనన్నది విచారణీయము. దీనికిని ఆంజనేయస్వామియే మనకు ఆచార్యుడు.

అంతఃపురమున వెదకునపుడు ఆయన మండోదరిని చూచి, ఆమె రూపసంపదను బట్టి సీతయే యని భ్రమించి ఆనందముతో గంతులు వేసెను. తోడనే ఆలోచించి, రాముని ఎడబాసిన సీత ఇట్లు అలంకరించుకొని నిద్రించునా యని తన తలపు తానే త్రోసిపుచ్చెను. కన్ను చూచినది ప్రత్యక్షము. మనస్సు దానికి చేర్చినది అనుమానము. ఈ రెంటికిని గల భేదము తర్కశాస్త్రమున బాలురకు నేర్పు మొదటి పాఠము. ఫలానా దినమున, ఫలానా యంత్రమున, ఫలానా ఫోల్డరులో ఇట్టివి కంటబడినవి అనుటవరకే చూచినవాని అధికారము. పెట్టినవాడు ఫలానావాడే యనుట అనుమానము. ఒక యంత్రము పలువురి చేతులలో మెలగియుండవచ్చును. దోషి యెవరో తేల్చుట విచారించువారి పని. ఈ మర్యాద పాటించినచో నిరపరాధికి కీడు జరుగదు, చెప్పినవానికి అసత్యదోషమంటదు.

రెండవది. మహేంద్రగిరికి తిరిగివచ్చి సహచరులకు ఆ రాత్రి వృత్తాంతము చెప్పునపుడు హనుమంతుడు అంతఃపురపు ముచ్చట విప్పి చెప్పలేదు. రావణుని అంతఃపురమంతయు వెదకితిని, అచ్చట జానకి కానరాలేదను భావము మాత్రము చెప్పి ముందుకు సాగెను. వాల్మీకిమహర్షి సర్గలకొలది వర్ణించిన దృశ్యము ఆ దూత నోట ఒక్క మాటలో ముగిసెను. చూడరానిదానిని గూర్చి చెప్పునపుడు కార్యమునకు కావలసినంతయే చెప్పవలెను. రుచిగొలుపునట్లు వర్ణించి చెప్పుట రెండవమారు చూచుటతో సమానము.

మూడవది సాక్ష్యము. అమ్మ కొంగుముడి విప్పి యిచ్చిన చూడామణిని హనుమంతుడు ఉన్నదున్నట్లు తెచ్చి స్వామి చేతికిచ్చెను. త్రోవలో పదుగురకు చూపి తిరుగలేదు, పారవేయలేదు. నేటి కాలమున నెరపవలసిన జాగ్రత్తయు నిదియే. చెరుపరాదు. సాక్ష్యము కొరకని తన ఫోనులోనికి ఎక్కించుకొనరాదు. స్నేహితులకు వాట్సాప్‌లో పంపరాదు. ఆ యంత్రమును ఇక ముట్టక, చూచిన దినమును వేళయును కాగితముపై వ్రాసియుంచి, అధికారుల వశము చేయవలెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఎవరికి చెప్పవలెను? కర్ణపర్వమున శ్రీకృష్ణపరమాత్మ అర్జునునకు కౌశికుడను తపస్వి కథ చెప్పెను. ఆయనది సత్యమే పలుకుదునను వ్రతము. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాగగా, వెంటవచ్చిన దొంగలు అడిగిరి. ఆయన ఉన్నమాట చెప్పెను. దొంగలు వారిని చంపిరి. సత్యమే పలికిన కౌశికుడు నరకమునకు పోయెను. పలికినది సత్యమైనను అది చేరిన చెవి కానిదైనచో ధర్మము చెడును. కార్యాలయములో కాఫీ త్రాగుచు నలుగురి చెవిన వేయుట విన్నపము కాదు. అది ఆ స్త్రీల మానమును రెండవమారు దొంగిలించుట.

ఈ విషయమున నాకు లోకవ్యవహారము చాలదు. మా సన్నిధిలో కాలక్షేపమునకు వచ్చు న్యాయవాది నడిగి తెలిసికొంటిని. పనిచేయు చోట స్త్రీలకు రక్షణగా 2013లో చేసిన చట్టము ననుసరించి, పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతి కార్యాలయమున ఒక అంతర్గత ఫిర్యాదుల కమిటీ యుండవలెను. దానికి అధ్యక్షురాలు స్త్రీయే. అంతకు తక్కువమంది యున్నచోట జిల్లాలోని స్థానిక కమిటీ నాశ్రయింపవచ్చును. ఆ చట్టము క్రింద ఫిర్యాదు చేయుట కష్టపడిన స్త్రీ హక్కు. సంఘటన జరిగిన మూడు మాసములలోగా చేయవలెను. తగిన కారణమున్నచో కమిటీ మరి మూడు మాసములవరకు గడువు పొడిగింపవచ్చును. ఇతరుడు చేయవలెనన్న ఆమె వ్రాసి యిచ్చిన సమ్మతి కావలెను. కావున చూచినవాడు అధ్యక్షురాలికి గాని, సంస్థలో బాధ్యత గల ఉన్నతాధికారికి గాని జాగుసేయక తెలియజేయవలెను. అటుపై ఏమి చేయుదురో ఆ స్త్రీలు నిర్ణయించుకొందురు. ఆ నిర్ణయము వారినుండి లాగికొనుటకు మనకు హక్కు లేదు.

ఒక్క విషయమున మాత్రము ఆలోచనకు తావు లేదు. ఆ చిత్రములు పసిపిల్లలవైనచో, 2012లో చేసిన పోక్సో చట్టము ప్రకారము ఎరిగినవాడు పోలీసువారికి తప్పక తెలుపవలెను. తెలుపకపోవుటయే నేరము. సద్బుద్ధితో తెలిపినవానికి ఆ చట్టమే రక్షణ. ఇట్టి చిత్రములను చూచుటయు దాచుటయు నేరమేయని సర్వోన్నతన్యాయస్థానము 2024లో నొక్కి చెప్పినది. కేంద్రప్రభుత్వమువారి సైబర్ నేరముల పోర్టలులో పేరు చెప్పకయు తెలుపవచ్చును. ఇచ్చట సంస్థ పరువు, అధికారి ఉపకారము, మన మొగమాటము, ఏదియు అడ్డు రాకూడదు.

మన వైష్ణవగృహములలో ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. అమ్మవారు తన్ను బాధించిన రాక్షసస్త్రీలను హనుమంతుడు దండింపబోగా వారించెను గదా, ఆ క్షమనే పరాశరభట్టరువారు శ్రీగుణరత్నకోశమున కొనియాడిరి గదా, మరి మనము పరుల దోషములు కప్పవలదా యని. కప్పవలసినదే. కాని యోచింపుడు. అమ్మ క్షమించినది తనకు జరిగిన అపకారమును. గాయపడినవారికే క్షమించు అధికారము. ప్రక్కన నిలిచి చూచినవాడు, గాయపడినవారి పేరున తాను క్షమించుట క్షమ కాదు, పిరికితనమునకు తొడిగిన ముసుగు. ఆ అమ్మయే రావణుడు విధించిన గడువును, తన యాతనను హనుమంతునకు దాచక చెప్పి, స్వామికి విన్నవింపుమని పంపెను.

ఇక కృతజ్ఞత మాట. రావణుని ఉప్పు తిన్న తమ్ములిరువురు. తప్పని ఇరువురును చెప్పిరి. కుంభకర్ణుడు చెప్పియు ఋణమునకు కట్టుబడి ఆ అధర్మము కొరకే ప్రాణములిచ్చెను. విభీషణుడు అన్నగారి ఇంటికి పోయి చెప్పెను, సభలో చెప్పెను, విననపుడు స్వామి పాదములను ఆశ్రయించెను. మన సంప్రదాయము శరణాగతికి ఆదర్శముగా గ్రహించినది విభీషణునే. అందువలన ఆ యువకునితో ఇట్లంటిని. “నాయనా! చేబదులు సొమ్ముతో తీర్చుము. ఉపకారమునకు నమస్కారముతో బదులిమ్ము. ఇతరుల ఆడుబిడ్డల మానముతో నీ అప్పు తీర్పవలదు.”

అతడు ఆ రాత్రి అరపుట మించని లేఖ వ్రాసెను. అందులో విశేషణము లేదు, నింద లేదు, ఎవరి పేరును దోషిగా లేదు. మరునాడు దానిని కమిటీ అధ్యక్షురాలి చేతికిచ్చి, చేరినట్లు సంతకము పుచ్చుకొనెను. అటుపిమ్మట ఏమి జరిగినదో నేనడుగలేదు, అతడు చెప్పలేదు. విచారణ గోప్యముగ నుండవలెనని చట్టమే శాసించుచున్నది. కొన్ని దినములు తనతో కలిసి భుజించువారు తగ్గిరని మాత్రము ఒకమారు చెప్పెను. ఈ సంగతి అతని అనుమతితోనే, ఆనవాళ్ళు తెలియకుండ వ్రాయుచున్నాను. నేను మొదట చెప్పిన తప్పు సలహాను దాచక వ్రాయుటకు కారణమున్నది. మన యిండ్లలో పెద్దలము అట్టి సలహాయే చెప్పుచుందుము. “మనకేల” అను మాట మన నోట వైరాగ్యమువలె ధ్వనించును. పెక్కుమార్లు అది భయమే.

కావున పెద్దలారా! మీ పిల్లలెవరైన ఇట్టి సందేహముతో మీ యెదుట కూర్చున్నచో, ముందు “నీ తప్పు లేదు” అని ధైర్యము చెప్పుడు. అటుపై “చెరుపవద్దు, చాటవద్దు, తగినవారికి చెప్పుము” అని త్రోవ చూపుడు. అతడు చెప్పివచ్చిన దినమున ఇంట ఒక దీపము వెలిగించి, ఒంటరివాడు కాడని తెలియజేయుడు.

కంటబడినదానివలన మనస్సు చెదరకుండ కాపాడునదియు, చూచినది చెప్పుటకు నాలుకకు బలమిచ్చునదియు ఆ వాయునందనుని అనుగ్రహమే. అట్టి అనుగ్రహము మనకందరకు కలుగునట్లు అలమేలుమంగాసమేతుడైన శ్రీనివాసుడు కటాక్షించుగాక!